మా పాత బడిలో రాయని పేర్లు



మా ఊరి పాత బడి చరిత్ర చెప్పమన్నారు. కాగితాల కోసం వెతికితే ఒక్క చందాల పుస్తకం దొరికింది. ఎవరు ఎంత ఇచ్చిందీ, ఎవరు దూలాలు తోలిందీ అందులో ఉంది. అన్నీ మగవాళ్ల పేర్లే. మరి చెరువు నుంచి కడవలతో నీళ్లు మోసిందెవరు? మట్టి తొక్కిందెవరు? మా అత్త అప్పుడు కాపురానికొచ్చిన కొత్త. పగలంతా నాట్లకు పోయి, పొద్దువాలాక గంపలెత్తేవాళ్లమని చెప్పేది. కూలి లేదు, ఊరి పని కదా.

తాను మట్టి మోసి కట్టిన బడిలో ఆమె కూర్చున్నది ముప్పై ఏళ్లు దాటాక. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం వచ్చినప్పుడు, రాత్రిపూట లాంతరు ముందు ఆమె, పక్కన నేను. "నాట్లేసే చేతికి ఈ బలపం ఇంత బరువేందే" అనేది. అత్తాకోడళ్లం ఒకే పలక మీద దిద్దుకున్నాం. ఇంట్లో అంత సఖ్యత లేదులెండి.

1992లో దూబగుంట ఆడవాళ్లు సారా ఆపించారన్న కబురు విన్నదీ ఆ గదిలోనే. మా వీధికీ సారా రానివ్వకూడదని అక్కడే అనుకున్నాం. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. తర్వాత పొదుపులక్ష్మి, రోజుకు రూపాయి. మా సంఘం పుస్తకంలో మొదటి సంతకాలు ఆ బడి అరుగు మీద పెట్టినవే. మా అత్త వేలిముద్ర వెయ్యనంది. సంతకానికి చాలాసేపు పట్టింది, అందరం కాచుకున్నాం.

ఇప్పుడు పిల్లలు కొత్త బడికి పోయారు. పాతది కూలగొట్టాలంటున్నారు. వెనక గోడ ఒరిగిన మాట నిజమే, దాన్ని తీసెయ్యాల్సిందే. ముందు గది గట్టిగా ఉందని మేస్త్రీ చెప్పాడు. చిక్కల్లా స్థలంతోనే. అప్పట్లో నోటిమాట మీద ఇచ్చారు, కాగితం లేదు. గది పడిపోతే రేపు ఎవరైనా నాదే అనొచ్చు.

అందుకని ముందు గదిని సంఘం సమావేశాలకు ఉంచాలని గ్రామసభలో అడగబోతున్నాం. సమాఖ్య కూడా తీర్మానం చేసి ఇవ్వాలి. ఇంకొకటి. ఆ మట్టి మోసిన అమ్మల్లో మా ఊళ్లో ఇద్దరే మిగిలారు. వాళ్లను అడిగి పదకొండు మంది పేర్లు రాసుకొచ్చాను. చందాల పుస్తకంలో చివర ఖాళీ పేజీలున్నాయి. ఈ పేర్లు అక్కడ ఎక్కిస్తున్నాం. మీ ఊళ్లలో బడి ఎవరు కట్టారో, ఆ ముసలమ్మలు ఉండగానే అడిగి రండి.