పిల్లి నడక, పాట నడక

మనం ఎవరి స్మృతిలో ఇక్కడ కూడామో ఆ మాస్టారు జీవితమంతా పిల్లలకు వయొలిన్ నేర్పారు. పిల్లలు ఇష్టపడేదాంట్లోంచే వాళ్లకు లయ చూపించాలన్నది ఆయన పట్టుదల. అందుకే ఈ ఏటి ఉపన్యాసానికి కార్టూన్ సినిమాల్లో పిల్లినీ, దాని సంగీతాన్నీ ఎంచుకున్నాను.

కార్టూన్లలో కుక్కలూ కుందేళ్లూ ఎలుకలూ కూడా పాడాయి, వాయించాయి. అయినా సంగీతం మళ్లీ మళ్లీ పిల్లిని వెతుక్కుంటూ వచ్చింది. దాని ఒళ్లే అందుకు కారణమని నా నమ్మకం. పొంచి ఉన్న పిల్లి కదిలీ కదలనట్టు అడుగు వేస్తుంది, మరుక్షణం దూకుతుంది. విలంబం, ద్రుతం రెండూ దాని నడకలోనే ఉన్నాయి.

1947లో ఎం.జి.ఎం. సంస్థ విడుదల చేసిన 'ద క్యాట్ కాన్సర్టో' చూడండి. దర్శకులు విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా. సంగీతం స్కాట్ బ్రాడ్లీ. కచేరీ కోటు తొడుక్కున్న టామ్ అనే పిల్లి పియానో ముందు కూర్చుని ఫ్రాంజ్ లిస్ట్ రాసిన రెండో హంగేరియన్ రాప్సొడీ అందుకుంటాడు. పియానో లోపల సుత్తుల మీద జెర్రీ అనే ఎలుక నిద్రపోతుంటాడు. సుత్తి లేస్తుంది, జెర్రీ ఎగిరిపడతాడు, పోరు మొదలవుతుంది.

ఆ రాప్సొడీలో రెండు భాగాలు: ముందు నిదానం, తరవాత పరుగు. నిదానం సాగినంతసేపూ టామ్ విద్వాంసుడి హుందాతనం నిలుపుకుంటాడు. వేగం అందుకునేసరికి లోపలి వేటగాడు బయటపడతాడు. మెట్ల మీద వేళ్లు పరుగెడుతుంటే కచేరీ ఎక్కడ ఆగిందో, వేట ఎక్కడ మొదలైందో చెప్పలేం. టామ్‌కు మాటల్లేవు, గర్వమూ కోపమూ అలసటా అన్నీ స్వరాలే పలుకుతాయి. చివరికి టామ్ సొమ్మసిల్లితే చప్పట్లు జెర్రీ అందుకుంటాడు. ఈ చిత్రానికి ఆస్కార్ వచ్చింది.

ఇందులో శ్రమ చాలా ఉంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. 12 ఫ్రేములకు ఒక దెబ్బ వేస్తే నిమిషానికి 120 దెబ్బలు. ఇలాంటి లెక్క కాగితం మీద వేసుకుని, బొమ్మ గీసేవారూ స్వరం కూర్చేవారూ ఒకే తాళానికి కట్టుబడి పనిచేశారు.

డిస్నీ వారి 'ది అరిస్టోక్యాట్స్' (1970) ఇంకో దారి చూపింది. కథాస్థలం 1910 నాటి పారిస్. సంపన్నురాలి ఇంట్లో పిల్లికూనలు పియానో దగ్గర స్వరసాధన చేస్తాయి. ఊళ్లో వీధిపిల్లులు జాజ్ వాయిస్తాయి. వాటి నాయకుడికి గొంతిచ్చిన స్కాట్‌మన్ క్రోథర్స్ నల్లజాతి కళాకారుడు. జాజ్ ఆ జాతి సృష్టించిన సంగీతం. సాధన చేసిన కూనలు ఆ మేళంలో సంతోషంగా కలిసిపోతాయి. చదువుకున్న పాటకూ వీధిలో పుట్టిన పాటకూ మధ్య గోడ అక్కర్లేదని పిల్లలకు ఇంతకన్నా చక్కగా ఎవరు చెప్పగలరు?

కచేరీ హాలు గడప తొక్కని తెలుగు పిల్లలు కూడా టీవీలో టామ్ పుణ్యాన లిస్ట్ సంగీతం విన్నారు. పేరు తెలియకపోయినా ఆ వేగం వాళ్ల చెవికి పరిచయమే. ఆ పరిచయాన్ని వృథా చేయవద్దని సంగీతం నేర్పేవారికి నా మనవి. 'ద క్యాట్ కాన్సర్టో'ను ముందు శబ్దం తీసేసి చూపండి, తరవాత శబ్దంతో చూపండి, పిల్లలచేత తాళం వేయించండి. తేడా ఏమిటో వాళ్లనే చెప్పనివ్వండి. వాళ్లు చెప్పాక, ఆ తేడా తెచ్చినవాడు స్కాట్ బ్రాడ్లీ అని పేరు పెట్టి చెప్పండి.