పెరటి కాంక్రీటుకు ఏ రంగు?

వసంతం రాగానే ఇక్కడ అమెరికాలో మనవాళ్ళు చాలామంది ఇంటి వెనక పాటియో పోయిస్తారు. రంగు సంగతి మాత్రం కాంట్రాక్టరుకే వదిలెయ్యకండి.

మన ఊళ్ళలో ఎర్ర గచ్చు గుర్తుందా? సిమెంటులో ఐరన్ ఆక్సైడ్ పొడి కలిపి, పైపొరగా వేసి నున్నగా మెరుగుపెట్టేవారు. ఇక్కడ అలాంటి పొడినే కాంక్రీటు మొత్తానికీ కలుపుతారు, మామూలుగా సిమెంటు బరువులో 10 శాతం దాటకుండా. పెచ్చు ఊడినా లోపలా అదే రంగు, ఎండకు వెలిసిపోదు. కొత్తగా పోయిస్తుంటే నా ఓటు దీనికే. కాకపోతే పని సులువవుతుందని నీళ్ళు ఎక్కువ పోస్తే రంగు పాలిపోతుంది. దగ్గరుండి చూసుకోండి.

పాత కాంక్రీటైతే యాసిడ్ స్టెయిన్ ఉంది. ఇది పెయింటు కాదు. ఆమ్లంలోని లోహ లవణాలు కాంక్రీటులోని సున్నంతో కలిసి రంగు తేలుస్తాయి. గోధుమ, తేనె, నీలి ఆకుపచ్చ, దాదాపు అంతే. కేటలాగులో చూసిన ఛాయే వస్తుందన్న హామీ లేదు. నచ్చకపోతే కడిగినా పోదు! అందుకే ముందు ఒక మూల పూసి చూపించమనండి. వంటసోడా నీళ్ళతో శుభ్రంగా కడిగేదాకా పిల్లల్ని అటు రానివ్వకండి.

ఆపైన సీలరు తప్పదు. ఈత కొలను పక్కనైతే అందులో గరుకు పొడి కలపమనండి, తడికాళ్ళు జారకుండా.