పరుగు మనది, కెప్టెన్ ఎవరు?

(పల్లె యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

తెల్లారగట్ల నాలుగున్నరకు మన తారురోడ్డు మీద నిలబడి చూడండి. మన కుర్రాళ్లు పరిగెత్తుతుంటారు. కొందరికి బూట్లు, కొందరివి వట్టికాళ్లు. ఎందుకురా అబ్బాయ్ అంటే ఒకటే జవాబు: మిలిట్రీ సెలక్షన్లు. 1.6 కిలోమీటర్ల పరుగు నెగ్గాలి. నెగ్గితే అగ్నివీర్. 2022లో ప్రకటించిన ఆ పథకం ప్రకారం నాలుగేళ్ల కొలువు, తర్వాత నూటికి పాతికమంది వరకే ఉంచుకుంటారు. తక్కినవాళ్లు మళ్లీ ఊరికే రావాలి.

ఆ పరుగును మేం తక్కువ చేయడం లేదు. మా ప్రశ్న వేరు. సైన్యానికి రెండు గుమ్మాలున్నాయి. ఒకటి జవాన్లది, రెండోది ఆఫీసర్లది. మన పిల్లలంతా మొదటి గుమ్మం ముందే ఎందుకు వరస కడుతున్నారు? రెండో గుమ్మం ఉన్నదని వాళ్లకు చెప్పినవాళ్లెవరు?

ఆ గుమ్మం పేరు ఎన్‌డీఏ. ఎలక్షన్ల కూటమి కాదు, నేషనల్ డిఫెన్స్ అకాడమీ. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉంది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతుండగానే పరీక్ష రాయొచ్చు. యూపీఎస్సీ ఏటా రెండుసార్లు పెడుతుంది. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర లోపు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడపిల్లలకు ఫీజు లేదు. సుప్రీంకోర్టు 2021లో చెబితే గానీ ఆడపిల్లలకు ఈ తలుపు తెరవలేదు. 2022లో చేరిన మొదటి బ్యాచి అమ్మాయిలు 17 మంది 2025 మే నెలలో శిక్షణ ముగించుకుని బయటికొచ్చారు. శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే. ఫీజు లేదన్నాం గదా అని రిజర్వేషన్ ఉందనుకోకండి. లేదు. ఆటల కోటా కూడా లేదు.

మరి ఆటల ఊసు ఎందుకంటారా? అక్కడికే వస్తున్నాం.

అమెరికాలో వెస్ట్ పాయింట్ అని మిలిటరీ అకాడమీ ఉంది, 1802లో పెట్టింది. హైస్కూలు చదివిన పిల్లల్ని అక్కడ ఎట్లా ఎంచుతారో చూడండి. నూటికి అరవై పాళ్లు చదువు. ముప్పై పాళ్లు నాయకత్వం. పది పాళ్లు ఒంటి సత్తువ: పుల్ అప్స్, పుష్ అప్స్, మైలు పరుగు, మోకాళ్ల మీద కూచుని బాస్కెట్‌బాల్ విసరడం లాంటివి. చూడబోతే ఆటకు పది పాళ్లేననిపిస్తుంది. కాదు. బడి జట్టులో ఆడాడా, జట్టుకు కెప్టెన్‌గా చేశాడా అన్నది ఆ ముప్పై పాళ్ల నాయకత్వంలో కూడా లెక్కకొస్తుంది. అంటే ఆట రెండు చోట్ల తూగుతుంది. ఒకచోట కండగా, ఒకచోట పెద్దరికంగా.

మన ఎన్‌డీఏలో లెక్క ఇట్లా విప్పి చెప్పరు. రాతపరీక్షకు 900 మార్కులు: లెక్కలకు 300, ఇంగ్లీషు, సామాన్య శాస్త్రం, జనరల్ నాలెడ్జికి కలిపి 600. అది దాటితే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ, దానికీ 900. అయిదు రోజులు. అందులో ఆటలకని విడిగా ఒక్క మార్కు కూడా రాసి ఉండదు. కానీ ముందుగానే ఒక ఫారం నింపమంటారు. ఏ ఆటలు ఆడావు? ఏ స్థాయిలో ఆడావు? ఎన్‌సీసీలో ఉన్నావా? ఎక్కడైనా బాధ్యత మోశావా? ఇంటర్వ్యూ చేసే ఆఫీసరు ఆ కాగితం ముందు పెట్టుకుని అడుగుతాడు. "నీ జట్టు ఓడిపోతున్నప్పుడు నువ్వేం చేశావు?" లాంటి ప్రశ్నకు పుస్తకంలో జవాబు దొరకదు. ఆడినవాడి దగ్గరే ఉంటుంది.

తర్వాత మైదానంలోకి తీసుకెళ్తారు. కొంతమందిని జట్టు కట్టి ఒక దుంగ, ఒక పలక, ఒక తాడు ఇచ్చి అడ్డంకి దాటమంటారు. ఇంకోసారి నిన్నే నాయకుణ్ని చేసి, ఇద్దరిని ఎంచుకుని పని పూర్తి చేయమంటారు. బలం ఒక్కటే చూడరు. అందరినీ కలుపుకున్నావా? నీ మాట నలుగురూ విన్నారా? ఎదుటివాడి మాట నువ్వు విన్నావా? వాళ్లు చూసేది ఇది.

మిత్రులారా, ఇక్కడ మనం మన బడుల వైపు తిరిగి చూసుకోవాలి.

కబడ్డీలో మన పిల్లల్ని మించినవాళ్లు లేరని ఊరంతా ఒప్పుకుంటుంది. కూతకెళ్లేది మనోడు, మోకాళ్లు చెక్కుకునేది మనోడు. మా చిన్నప్పుడు మేం చదివిన బడిలోనూ అంతే. గెలిచాక కప్పు అందుకోవడానికి మాత్రం పెద్దింటి అబ్బాయి పేరు పిలిచేవారు, కెప్టెన్ అతనే కాబట్టి. గ్రౌండు గీతలకు సున్నం పోసేది మేము. ఆ సంగతి మేం ఆనాడు అవమానంగా అనుకున్నాం గానీ నష్టంగా అనుకోలేదు. ఇప్పుడు తెలుస్తోంది. ఆ ఫారంలో "కెప్టెన్" అని రాసుకునే హక్కు పదమూడో ఏటనే మా దగ్గర్నుంచి లాక్కున్నారు.

ఇది కొత్త కాదు. తోలుపని చేసే చమార్ కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ పుణెలో తెల్లవాళ్ల క్లబ్బులో గ్రౌండు పని చేస్తూ, వాళ్లకు బంతులేస్తూ గొప్ప బౌలరయ్యాడు. 1911లో ఇంగ్లండు వెళ్లిన జట్టులో వందకు పైగా వికెట్లు తీశాడు. బంతికి అంటు లేదు, కానీ టీ మాత్రం బయట, మట్టి ముంతలో. హిందూ జట్టుకు అతన్ని ఒక్కనాడూ కెప్టెన్ చేయలేదు. 1920లో తమ్ముళ్లు నిరసన తెలిపి జట్టులోంచి తప్పుకున్నారు. 1923లో గానీ తమ్ముడు విఠల్‌కు కెప్టెన్సీ రాలేదు. వికెట్లు తీయడానికి పనికొచ్చిన చెయ్యి నడిపించడానికి పనికి రాదన్నారు. ఆఫీసరు గుమ్మం దగ్గర మన పిల్లలకు అడ్డుపడేది ఈ ఆలోచనే.

అందుకని మేం చెప్పేది నాలుగు మాటలు. పోయి మీ వాడల్లో అమలు చేయండి.

ఒకటి: తల్లిదండ్రులు బడి కమిటీ మీటింగుకు వెళ్లినప్పుడు మధ్యాహ్న భోజనం గురించి అడిగినట్టే, జట్టుకు కెప్టెన్ ఎవరు, ఎట్లా ఎంచారు అని డ్రిల్లు మాస్టారిని అడగండి. వంతులవారీగా పెట్టమనండి. ఆడపిల్లల జట్టు ఉందా అని కూడా అడగండి.

రెండు: మండలం ఆటలైనా సరే, ఆడిన ప్రతిదానికీ సర్టిఫికెట్టు అడిగి తీసుకుని భద్రంగా దాచండి. ఎన్‌సీసీ ఉన్న బడిలో పేరు ఇవ్వండి.

మూడు: కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్లలో ఆరో తరగతికీ తొమ్మిదికీ ప్రవేశ పరీక్ష ఉంది. అక్కడ ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు ఏడున్నర శాతం సీట్లున్నాయి. ఎన్‌డీఏకు పిల్లల్ని తయారు చేయడానికే ఆ బడులు పెట్టారు. ఆ సీట్లు వదులుకోకండి.

నాలుగు: పరుగు మానకండి, దూరం పెంచండి. ఎన్‌డీఏ ప్రకటనలోనే రాసి ఉంటుంది: 2.4 కిలోమీటర్లు 15 నిమిషాల్లో, ఎనిమిది చిన్ అప్స్, ఇరవై పుష్ అప్స్. పరుగయ్యాక చెట్టు కింద కూచుని గంటసేపు లెక్కలు చేయండి. ఇంగ్లీషులో తప్పో ఒప్పో నలుగురి ముందూ మాట్లాడండి. రాతపరీక్ష దాటకపోతే మైదానం దాకా ఎవరూ పిలవరు.

రేపు తెల్లారి మళ్లీ ఈ రోడ్డు మీద పరుగు మొదలవుతుంది. రేపటి జట్టుకు ఒక కెప్టెన్‌ను పెట్టుకోండి. ఎల్లుండికి ఇంకొకరిని. ఈసారి ఒక చెల్లెల్ని. నడిపించడం మనకూ వచ్చని ముందు మన వాడలో మనం చూడాలి.

జై భీమ్!