పరాయి చోటికి వైద్యానికి వెళ్ళే ముందు: డాక్టరును ఎలా ఎంచుకోవాలి?

(గుడుపల్లెలో రోగుల బంధువుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను డాక్టరును కాను. ఆస్పత్రిలో పాత ఫైళ్ళు, రిపోర్టులు భద్రపరిచే గదిలో పనిచేసేవాడిని. "సార్, అమ్మను బెంగుళూరుకు తీసుకుపోతున్నాం, కాగితాలు ఇవ్వండి" అనేవాళ్ళు, "మావాడు అమెరికాకు రమ్మంటున్నాడు, అక్కడే ఆపరేషన్ చేయిస్తాడంట" అనేవాళ్ళు ముందుగా నా కిటికీ దగ్గరికే వస్తారు. వాళ్ళను నేను ఒక్కటే అడుగుతాను: "అక్కడ మిమ్మల్ని చూసే డాక్టరు ఎవరు?" చాలామంది ఊరి పేరు చెబుతారు, ఆస్పత్రి పేరు చెబుతారు. డాక్టరు పేరు చెప్పలేరు. ఈ రోజు ఆ ప్రశ్న గురించే మీతో నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

పరాయి చోటు అంటే ఏది?

మనది మూడు రాష్ట్రాలు కలిసే చోటు. గుడుపల్లె స్టేషన్లో రైలెక్కితే ఒకవైపు బంగారుపేట మీదుగా బెంగుళూరు. ఇంకోవైపు కుప్పం, జోలార్‌పేట దాటితే కాట్పాడి, అక్కడినుంచి వేలూరు. పుంగనూరు, మదనపల్లె వైపు చాలా కుటుంబాల్లో ఎవరో ఒకరు కువైట్లో ఉన్నారు. చదువుకున్న పిల్లలు ఇంకా దూరం వెళ్ళారు. కాబట్టి పరాయి చోటు అంటే విమానం ఎక్కి వెళ్ళే దేశం ఒక్కటే కాదు. మన మాట తెలియని, మనకు తెలిసినవాళ్ళు లేని ఏ ఊరైనా మనకు పరాయి చోటే. అక్కడ మనల్ని మోసం చేసే పద్ధతి ఒకటే, మనం జాగ్రత్తపడే పద్ధతి కూడా ఒకటే.

మా ఇంట్లో జరిగింది

ఇది మా చిన్నాన్న సంగతి. ఆయన పట్టుపురుగులు మేపుకుని బతికే రైతు. చక్కెర జబ్బు ఉంది. కొన్నేళ్ళ కిందట తోటలో మల్బరీ మోడు గుచ్చుకుని మడమ మీద పుండు పడింది. ఎంతకీ మానలేదు. తెలిసినాయన ఒకడు వచ్చి, "సిటీలో నాకు తెలిసిన ఆస్పత్రి ఉంది. కాలు కోసే పని లేకుండా ఇంజక్షన్లతోనే మాన్పేస్తారు. నేను దగ్గరుండి చూపిస్తా పాండి" అన్నాడు. రెండు జెర్సీ ఆవులు అమ్మి, చిన్నమ్మ మెడలోని గొలుసు కుదువ పెట్టి బయలుదేరారు.

పెద్ద బోర్డు, ఏసీ గది, గోడ మీద డాక్టరు విదేశాల్లో తీయించుకున్న ఫోటోలు. బోర్డు మీద పేరు తర్వాత రెండు వరుసల అక్షరాలు. వారానికి ఒక ఇంజక్షన్, ప్రతిసారీ చేతికి రొక్కం. రసీదు లేదు. చీటీ మీద మందు పేరు లేదు, రిజిస్ట్రేషన్ నంబరు లేదు. "అది ఏం మందో అడుగు చిన్నమ్మా" అని నేను ఫోన్లో అంటే, "అడిగితే డాక్టరుకు కోపం వస్తుందేమో నాయనా" అంది.

రెండు నెలలకు కాలు నల్లబడింది. అప్పుడు వేరే పెద్దాస్పత్రికి తీసుకుపోయాం. అక్కడి డాక్టరు మొదట అడిగిన మాట, "ఇన్నాళ్ళూ ఏం మందు ఇచ్చారు?" మా దగ్గర జవాబు లేదు. చూపించడానికి ఒక్క కాగితం లేదు. మోకాలి కింద కాలు తీసేయాల్సి వచ్చింది. బోర్డు మీది ఆ అక్షరాల్లో చక్కెర జబ్బుకు గానీ, ఆపరేషన్‌కు గానీ సంబంధించిన చదువు ఒక్కటీ లేదని మాకు తర్వాతే తెలిసింది.

ఇంటికి వచ్చాక చిన్నాన్న అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఆవును కొనేటప్పుడు పళ్ళు చూస్తాం, ఎన్ని ఈతలు ఈనిందో అడుగుతాం, పూటకు ఎన్ని లీటర్లు ఇస్తుందో పిండి చూస్తాం. ఆ ఆవుల్ని అమ్మిన డబ్బు ఆ మనిషి చేతిలో పోసేటప్పుడు మాత్రం ఒక్క మాట అడగలేదు కదరా."

మనసు ఒక్కటే చాలదు, చదువు కావాలి

వేలూరు ఆస్పత్రి గురించి మీలో తెలియనివాళ్ళు ఉండరు. దాన్ని మొదలుపెట్టిన ఐడా స్కడర్ చిన్న వయసులో తిండివనంలో ఉండగా, ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి కాన్పు కష్టమైన తమ భార్యలను కాపాడమని ఆమెను వేడుకున్నారు. ఆమె తండ్రి డాక్టరు. కానీ మగ డాక్టరును ఇంట్లోకి రానివ్వమన్నారు. ఆమెకు వైద్యం తెలియదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆమె చేతికి దొరికిన మందుతో వైద్యం మొదలుపెట్టలేదు. అమెరికా వెళ్ళి వైద్యవిద్య చదివి, 1899లో పట్టా పుచ్చుకుని, 1900లో తిరిగి వచ్చి వేలూరులో ఒకే ఒక మంచంతో పని ప్రారంభించారు. జాలి ఎంత ఉన్నా చదువు లేకుండా చేయి వేయకూడదని ఆమెకు తెలుసు. అర్హత అంటే ఇదే.

మొదటి ప్రశ్న: వెళ్ళడం అవసరమా?

దూరం వెళ్తేనే మంచి వైద్యం దొరుకుతుందనే నమ్మకం మనలో బలంగా ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం మీకు తెలుసు. 1915లో అక్కడ క్షయరోగుల శానిటోరియం మొదలైంది. ఎక్కడెక్కడినుంచో వచ్చి నెలల తరబడి అక్కడ ఉండేవాళ్ళు. అప్పట్లో క్షయకు అదే దారి. తర్వాత మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో ఏర్పాటైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం కొందరికి శానిటోరియంలోనూ, కొందరికి ఇంట్లోనూ ఉంచి ఒకే మందులు ఇచ్చి చూసింది. సరిగా మందులు వాడితే ఇంట్లో ఉన్నవాళ్ళకూ దాదాపు అంతే బాగా నయమవుతుందని 1959లో ప్రకటించింది. రోగాన్ని నయం చేసేది సరైన మందు, సరైన మనిషి. ప్రయాణ దూరం కాదు.

కాబట్టి ముందు ఇక్కడి డాక్టరును అడగండి: "ఈ జబ్బుకు ఇక్కడ గానీ, కుప్పంలోని మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో గానీ వైద్యం ఉందా? లేకపోతే ఏ విభాగం డాక్టరును కలవాలి?" ఆ విభాగం పేరు కాగితం మీద రాయించుకోండి. ఒక్క హెచ్చరిక. గుండెపోటు, పక్షవాతం, ప్రమాదం, పాముకాటు వంటివి వచ్చినప్పుడు ఈ విచారణలతో సమయం పోగొట్టకూడదు. 108కి ఫోన్ చేసి దగ్గరి ఆస్పత్రికి వెళ్ళాలి.

రెండో ప్రశ్న: ఆయన పేరు రిజిస్టరులో ఉందా?

మన దేశంలో అల్లోపతి వైద్యం చేసే ప్రతి డాక్టరూ ఒక మెడికల్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకోవాలి. మనకు ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్, పక్కన కర్ణాటకకు, తమిళనాడుకు వేరువేరు కౌన్సిళ్ళు ఉన్నాయి. వీటన్నిటి మీద 2020 సెప్టెంబరు నుంచి జాతీయ వైద్య కమిషన్ ఉంది. ఆ కమిషన్ వెబ్‌సైటులో ఇండియన్ మెడికల్ రిజిస్టర్ ఉంటుంది. డాక్టరు పేరు గానీ, రిజిస్ట్రేషన్ నంబరు గానీ కొట్టి ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. మీకు రాకపోతే ఇంట్లో పదో తరగతి పిల్లను అడగండి, క్షణాల్లో చూసి పెడుతుంది. పేరు దొరకకపోతే వెంటనే దొంగ అనుకోకండి, అచ్చులో తేడా ఉండవచ్చు. ఆ రాష్ట్ర కౌన్సిల్‌ను అడిగి తెలుసుకోండి.

ఆ నంబరును మందుల చీటీ మీద, సర్టిఫికెట్ల మీద, డబ్బు కట్టిన రసీదు మీద వేయాలని 2002 నాటి వైద్య నియమావళి చెబుతోంది. మనం అడగడం అవమానించడం కాదు, ఉన్న నియమాన్నే అడుగుతున్నాం.

మూడో ప్రశ్న: ఆ అక్షరాల అర్థం ఏమిటి?

ఎం.బి.బి.ఎస్. అంటే మొదటి వైద్య పట్టా. దాని తర్వాత మూడేళ్ళు చదివితే ఎం.డి. లేదా ఎం.ఎస్. ఇందులో ఎం.ఎస్. ఆపరేషన్లు చేసే విభాగాలది. డి.ఎన్.బి. కూడా ఆ స్థాయి చదువే. ఆపైన గుండె, మెదడు, కిడ్నీ వంటి వాటిలో మరో మూడేళ్ళు చదివితే డి.ఎం. లేదా ఎం.సి.హెచ్. ఆయుర్వేదం, హోమియో డాక్టర్లకు వారి చదువు, వారి రిజిస్టరు వేరుగా ఉన్నాయి. ఎం.డి. అని ఉంటే చాలదు, దేనిలో ఎం.డి. అని అడగాలి. పిల్లల డాక్టరు ఎంత గొప్పవాడైనా మోకాలి ఆపరేషన్‌కు పనికిరాడు కదా.

చదువుతోపాటు అనుభవం కూడా అడగండి. "అయ్యా, ఈ ఆపరేషన్ మీరు ఎంతమందికి చేశారు? ఏమేం ఇబ్బందులు రావచ్చు? ఆపరేషన్ మీరే చేస్తారా, వేరేవాళ్ళు చేస్తారా?" మంచి డాక్టరు ఈ మాటలకు కోపగించుకోడు. "నూటికి నూరుపాళ్ళు గ్యారంటీ" అనే మనిషిని మాత్రం అనుమానించండి.

విదేశాలకు వెళ్ళేవాళ్ళకు

అక్కడ కూడా దారి ఇదే. బ్రిటన్‌లో జనరల్ మెడికల్ కౌన్సిల్ రిజిస్టరు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు, ఆ డాక్టరు స్పెషలిస్టు అవునో కాదో కూడా అందులో ఉంటుంది. అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో మెడికల్ బోర్డు ఉంది. సింగపూర్‌కు దాని మెడికల్ కౌన్సిల్ ఉంది. పిల్లలు అక్కడే ఉంటారు కాబట్టి ఈ పని వాళ్ళకు చెప్పండి. ప్రయాణికుల బీమా చాలావరకు ముందునుంచీ ఉన్న జబ్బులకు పూర్తిగా వర్తించదు. ఆ సంగతి టిక్కెట్టు కొనకముందే తేల్చుకోండి. అలాగే మన ప్రభుత్వ ఆరోగ్య పథకం పక్క రాష్ట్రంలో అన్ని ఆస్పత్రులకూ, అన్ని జబ్బులకూ వర్తించదు. రైలెక్కే ముందే విచారించండి.

మధ్యవర్తుల విషయంలో మరీ జాగ్రత్త. రోగిని పంపినందుకు డాక్టరు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం 2002 నియమావళి ప్రకారం తప్పు. బస్టాండులో ఎదురొచ్చి "ఆ ఆస్పత్రి ఈ రోజు లేదు, వేరేచోట చూపిస్తా" అనేవాడి వెంట వెళ్ళకండి. మూలకణాలతో అన్ని జబ్బులూ నయం చేస్తామనే ప్రకటనలు కూడా చూస్తుంటాం. కొన్ని రక్త సంబంధ జబ్బులకు చేసే మూలమజ్జ మార్పిడి వంటివి తప్ప మిగతావి ఇంకా నిరూపణ కాలేదని 2017లో మన దేశపు వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది.

కిడ్నీల సంగతి మరీ ఘోరం. 2016 జనవరిలో నల్గొండ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. డబ్బు ఆశ చూపి మనుషులను శ్రీలంకకు తీసుకుపోయి, కొలంబోలో కిడ్నీలు తీయించినట్టు బయటపడింది. ఆ నెలలోనే శ్రీలంక ప్రభుత్వం విదేశీయులకు కిడ్నీ మార్పిడి ఆపరేషన్లు నిలిపివేసింది. అవయవాలు కొనడం, అమ్మడం 1994 చట్టం ప్రకారం మన దేశంలో నేరం. "పరదేశంలో అయితే ఇబ్బంది లేదు" అని ఎవరైనా అంటే నమ్మవద్దు.

కాగితాలే మన నోరు

పరాయి చోట మన మాట వాళ్ళకు అర్థం కాదు. మన బదులు మాట్లాడేవి కాగితాలే. వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులు, ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల పట్టీ, పడని మందుల పేర్లు తీసుకుపోండి. మందు కంపెనీ పేరు కాక అసలు మందు పేరు రాయించుకోండి. మనం పారాసిటమాల్ అనే దాన్నే అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. తిరిగి వచ్చేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ వివరాలు అడిగి తీసుకోండి. ఒంట్లో కీలు గానీ, స్టెంటు గానీ వేస్తే దాని స్టిక్కరు కూడా తీసుకోండి. మన దేశంలో అయితే అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని అదే నియమావళిలో ఉంది. కుట్లు విప్పడం, తర్వాతి పరీక్షలు ఇక్కడ ఎవరు చూస్తారో కూడా వెళ్ళేముందే మాట్లాడుకోవాలి.

ఇంటికి తీసుకుపోవాల్సిన మాటలు

1. వెళ్ళడం అవసరమా? ఏ విభాగం డాక్టరు దగ్గరికి?
2. డాక్టరు పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటి? రిజిస్టరులో ఉందా?
3. ఏ చదువు? ఈ జబ్బులో ఎంత అనుభవం?
4. ఆపరేషన్ చేసేది ఆయనేనా?
5. మొత్తం ఖర్చు ఎంత? కాగితం మీద రాసిస్తారా? రసీదు ఇస్తారా?
6. ఇబ్బంది వస్తే, తిరిగి వచ్చాక, ఎవరు చూస్తారు?

మా చిన్నాన్న ఇప్పుడు జైపూర్ కాలు పెట్టుకుని తోటలోకి నడుస్తాడు. పోయిన ఏడాది చిన్నమ్మకు కంటి ఆపరేషన్ అవసరమైంది. ఈసారి ఆమే ఈ ప్రశ్నలు కాగితం మీద రాయించుకుని వెళ్ళింది. డాక్టరమ్మ ఒక్కొక్కటీ చదివి, నవ్వి, పక్కనే జవాబులు రాసి, కింద తన రిజిస్ట్రేషన్ నంబరు వేసి సంతకం పెట్టింది. "కోపం రాలేదు నాయనా, కూర్చోబెట్టి చెప్పింది" అని చిన్నమ్మ ఆశ్చర్యపోయింది. ఆ కాగితం ఇప్పటికీ ఆమె ఫైలులో ఉంది.

అడగడానికి మొహమాటపడకండి. కాగితాలు కావలసినప్పుడు మా కిటికీ దగ్గరికి రండి. సెలవు.