వెబర్ అంటే నేతగాడే



ఉగాదినాడు పంచాంగ శ్రవణానికి వచ్చినవారి ముందు జర్మనీ ఇంటిపేర్ల ప్రస్తావన తెచ్చుట వింతగా తోచవచ్చు. కాని కుంఠా నాకాలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మనకు అందులో ఒక పేరు పరాయిది కాదు. 'వెబర్' అను జర్మను మాటకు అర్థం నేతగాడు. అక్కడ అది ఊరూరా వినిపించే ఇంటిపేరు.

తమాషా ఏమంటే, ఆ పేరుతో లోకప్రసిద్ధి కెక్కినవారిలో మేమెరిగినంతలో నాడె పట్టినవారు లేరు. కార్ల్ మరియా ఫాన్ వెబర్ సంగీతకర్త. విల్‌హెల్మ్ వెబర్ (1804–1891) భౌతికశాస్త్రవేత్త. 1833లో గౌస్ పండితునితో కలిసి గొట్టింగెన్‌లో విద్యుత్తు తీగమీద వార్తలు పంపాడు. 1837లో రాజు రాజ్యాంగాన్ని రద్దు చేయగా కాదన్న ఏడుగురు ఆచార్యులలో ఒకడై ఉద్యోగం పోగొట్టుకొన్నాడు. అయస్కాంత అభివాహానికి కొలమానం నేడు 'వెబరే'. మన పవర్‌లూం మోటారు తిరిగేది ఆ అయస్కాంత బలంతోనే. నేత మానినా ఆ పేరు మగ్గాన్ని వదలలేదన్నమాట!

మాక్స్ వెబర్ (1864–1920) సంగతి మనకు మరీ దగ్గరిది. ఈ సమాజశాస్త్రజ్ఞుని తాత నారబట్టల వర్తకుడు. మనుమడు 1908లో భార్య తరఫు బంధువుల నేతమిల్లులో కూర్చుండి, ఏ కార్మికుడు ఏనాడు ఎంత నేసెనో, ఎందుకు తగ్గెనో లెక్కలు తిరగవేశాడు. కూలిరేటు కోసం కార్మికులు కావాలని చేయి నెమ్మది చేయుట కూడ గుర్తించాడు. ఆ ముక్క చెప్పడానికి మన పేటలో జర్మను పండితుడు అక్కరలేదు.

ఇక మన పేర్లు. 1980, 1984లలో షోలాపూరు నుండి లోక్‌సభకు వెళ్లిన గంగాధర్ కుచన్, 1989, 1991లలో వెళ్లిన ధర్మణ్ణ సాదుల్, 1978లో శాసనసభకు వెళ్లిన నర్సయ్య ఆడం – ఈ ఇంటిపేర్లలో నేత అన్న మాట లేదు. తెలంగాణ పల్లెలో ఇంటిపేరు మనిషికి ముందు నడుస్తుంది. ఇక్కడి బడి రిజిస్టరులో వెనుక నడుస్తుంది. వెనుకకు పోతే నష్టం లేదు. పలుకు మారి, ఏ ఊరినుండి వచ్చినదో తెలియకపోతేనే నష్టం. సంబంధాలు చూచేటప్పుడు మొదట అడిగేది ఇంటిపేరు, గోత్రమే గదా!

కనుక ఈ పండుగపూట మీ ఇంటి ముసలివారిని అడిగి, ఇంటిపేరును వారు పలికినట్లే తెలుగక్షరాలలో రాసి, పాత ఊరిపేరు పక్కన వేసి సంఘం వారికి ఇవ్వండి. వచ్చే ఏటి సంచికలో అచ్చు వేయుదుము.