క్యాన్సరు వచ్చిన తరువాత తాగుడు మానితే లాభమున్నదా?

(తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల పాల సంఘ సభ్యుల సమావేశములలో చేసిన ప్రసంగ పాఠము)



సంఘాల తనిఖీకి వచ్చే మేము మామూలుగా మీతో వెన్న శాతం గురించి, రిజిస్టర్ల గురించి, బకాయిల గురించి మాట్లాడుతుంటాము. ఈసారి వేరే విషయం ఎత్తుకొనుటకు కారణం ఆ రిజిస్టర్లే. అడ్వాన్సు దరఖాస్తులు తిరగేస్తుంటే, కారణం రాసే చోట "క్యాన్సరు వైద్యము" అనే మాట మాకు కనపడుతున్నది. అటువంటి ఇళ్లకు పరామర్శకు పోయినప్పుడు రోగి మంచం కింద సీసా కనపడిన సందర్భాలూ ఉన్నవి. అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒక్కటే: "రావలసిన రోగం రానే వచ్చింది గదండీ, ఇక మానితే ఎంత, మానకపోతే ఎంత?"

ఆ మాట సరి కాదు. అది ఎందుకు సరి కాదో చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాము. మేము వైద్యులము కాము. వైద్యులు నిర్ధారణ చేసిన సంగతులనే మన భాషలో చెప్పుచున్నాము.

గేదెకు పొదుగువాపు వచ్చిందనుకోండి. "వాపు వచ్చేసింది, ఇక కొట్టం కడగడం దేనికి" అని మీలో ఎవరైనా దానిని పేడలో పడుకోబెడతారా? అంతకు ముందు ఒకసారి కడిగేవారు రెండుసార్లు కడుగుతారు. పశువు విషయంలో ఉన్న ఈ ఇంగితం మనిషి దగ్గరకు వచ్చేసరికి ఎక్కడికి పోతుందో తెలియదు.

తాగుడుకు, క్యాన్సరుకు సంబంధం ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే ప్రకటించింది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయము, పెద్దపేగు, స్త్రీల రొమ్ము, ఈ భాగాల క్యాన్సర్లకు మద్యం ఒక కారణమని తేలింది. మద్యం ఒంట్లోకి పోయాక ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుతుంది. కొంత కాలేయంలో, కొంత నోటిలోని సూక్ష్మజీవుల వల్ల నోటిలోనే ఇది తయారవుతుంది. కణంలోని బీజపదార్థాన్ని దెబ్బతీసేది ఇదే. దీనికి చుట్ట, బీడీ, ఖైనీ తోడైతే నోటికీ గొంతుకూ వచ్చే ముప్పు రెండింటి కూడికతో ఆగదు, అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

అట్లాగని క్యాన్సరు వచ్చిన ప్రతివారినీ తాగుబోతుగా చూడరాదు. జీవితంలో చుక్క ముట్టని ఆడపడుచులకూ వస్తున్నది. రోగి ఇంటికి పోయి "నీ చేతులారా తెచ్చుకున్నావు" అని దెప్పేవారి వల్ల నయమయ్యేదేమీ లేదు.

ఇక అసలు సంగతికి వద్దాము. ముందుగా ఆపరేషను. వెన్న శాతం లెక్క వేయడం వచ్చిన మనకు మద్యం లెక్క కష్టం కాదు. క్వార్టరు సీసా 180 మిల్లీలీటర్లు. సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. అంటే అందులో అసలు ఆల్కహాలు 77 మిల్లీలీటర్లు, తూకంలో దాదాపు 60 గ్రాములు. రోజుకు ఇంత లేక ఇంతకంటె ఎక్కువ తాగే 42 మందికి పెద్దపేగు ఆపరేషను చేయవలసి వచ్చినప్పుడు డెన్మార్కు వైద్యులు ఒక పరీక్ష చేశారు. కొందరి చేత ఆపరేషనుకు ముందు ఒక నెల పూర్తిగా మాన్పించారు. మిగిలినవారు ఎప్పటివలెనే తాగారు. మానకుండా తాగినవారిలో 100కు 74 మందికి ఆపరేషను తరువాత ఇబ్బందులు వచ్చినవి. మానినవారిలో అవి 31 మందికే వచ్చినవి. ఇది 1999లో అచ్చయిన సంగతి. తాగుడు వల్ల రోగనిరోధక శక్తి తగ్గుతుంది, గుండె మీద భారం పడుతుంది, రక్తం త్వరగా గడ్డకట్టదు. నెల రోజులు మానితే వీటిలో చాలా భాగం సర్దుకుంటుంది. "ఆపరేషను తేదీ ఇచ్చారు, ఈ లోపల తనివితీరా తాగనీయండి" అనే బంధువులు ఈ లెక్క చూడవలెను.

రెండవది కరెంటు వైద్యము. నోటికీ గొంతుకూ రేడియేషను సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు ఇస్తారు. రెండు మూడు వారాలు గడిచేసరికి నోరంతా పూస్తుంది. మజ్జిగన్నం కూడా మంటగా ఉంటుంది. ఆ పుండ్ల మీద విస్కీ పోస్తే ఏమవుతుందో ఆలోచించండి. రేపల్లె వైపు ఒక సంఘ సభ్యునికి ఇదే జరిగింది. నొప్పి మరచిపోతాడని చుట్టాలు జాలితో తెచ్చి పోశారు. నోరు పుండయి తిండి పోయింది, తిండి పోయి నీరసం వచ్చింది, నీరసం వల్ల వైద్యం మధ్యలో తొమ్మిది రోజులు ఆగింది. రేడియేషను మధ్యలో రోజులు పోతే ఆ రోజులలో క్యాన్సరు కణాలు మళ్లీ పుంజుకుంటాయి. అందుకే ఒక్క రోజు కూడా తప్పవద్దని వైద్యులు అంతగా చెబుతారు. రేపల్లె నుంచి తెనాలి మీదుగా గుంటూరుకు 60 కిలోమీటర్ల చిల్లర రోజూ పోయి వచ్చే మనిషికి ఇంట్లో కావలసినది సీసా కాదు. చల్లార్చిన పాలు, మెత్తని అన్నం, గుడ్డు కావలెను.

మూడవది మందులు. మన భాషలో రెండింటికీ "మందు" అనే పేరు పడడం మన దురదృష్టం. ఈ రెండు మందులకూ పడదు. నోటి క్యాన్సరులో కొందరికి వారానికొకసారి మెథోట్రెక్సేట్ మాత్రలు ఇస్తారు. అవి కాలేయం మీద భారం వేస్తాయి, సారా కూడా అక్కడే భారం వేస్తుంది. నొప్పికి ఇచ్చే మార్ఫిన్, ట్రమడాల్ వంటివి మద్యంతో కలిస్తే మత్తు మితిమీరి ఊపిరి మందగించవచ్చు, ప్రాణం మీదకు రావచ్చు. పుండుకు, చీముకు ఇచ్చే మెట్రోనిడజోల్ వేసుకున్నవారు తాగితే వాంతులు, ముఖం ఎర్రబడి గుండెదడ రావచ్చు. పారాసిటమాలు సయితం తాగేవారి కాలేయానికి మంచిది కాదు.

ఇక వైద్యం పూర్తయి నయమైన వారి సంగతి. నారుమడిలో ఒక చోట తుంగ పీకారు. మడి అంతా విత్తనం పడి ఉన్నదని రైతుకు తెలుసు. నోరు, గొంతు కూడా అంతే. ఏళ్ల తరబడి పొగ, సారా తగిలిన చోటంతా దెబ్బతిని ఉంటుంది. అందుచేత ఒక క్యాన్సరు నయమైనవారికి అదే దారిలో మరొక చోట కొత్తది పుట్టే ప్రమాదం ఉన్నది. తాగుడు సాగించేవారిలో ఆ ప్రమాదం ఎక్కువ. మానితే లాభమున్నదా అన్నవారికి జవాబు ఇక్కడున్నది. తాగుడు తగ్గించినా మానినా నోటి క్యాన్సరు, అన్నవాహిక క్యాన్సరు వచ్చే అవకాశం తగ్గుతుందని పైన చెప్పిన అంతర్జాతీయ సంస్థే 2023లో సాక్ష్యాలతో తేల్చింది. రొమ్ము క్యాన్సరు తిరగబెట్టడం విషయంలో పరిశోధనల ఫలితాలు ఒకే తీరుగా లేవు. అన్ని క్యాన్సర్లకూ ఒకే మాట చెప్పడం న్యాయం కాదు.

"తాటికల్లు మద్యం కాదండీ, చెట్టు నీరు" అనేవారు రేపల్లె, నిజాంపట్నం వైపు ఎక్కువ. నీరా పులవకముందు తీపి నీరే. పులిసిన తరువాత అందులో చేరేదీ ఆల్కహాలే. తోడు పడిన పాలను పాలని ఎవరు కొంటారు?

ఇది మన వద్దనే ఉన్న బలహీనత అనుకోవద్దు. ఒకప్పుడయినా తాగిన క్యాన్సరు రోగులు 15,000 మందికి పైగా వివరాలను అమెరికాలో పరిశీలించగా, వారిలో నాలుగింట మూడు వంతుల పైన ఇంకా తాగుతూనే ఉన్నారని 2023లో తేలింది. వైద్యం నడుస్తున్న వారిలోనూ పరిస్థితి ఇంచుమించు అంతే.

ప్రభుత్వం మాన్పిస్తుందని ఎదురు చూసేవారికి ఒక మాట. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవారు లేవదీసిన ఉద్యమంతో 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అదీ పోయింది. 2024 అక్టోబరులో కొత్త మద్యం విధానంతో 99 రూపాయల క్వార్టరు అంగడికి వచ్చింది. విధానాలు వస్తాయి, పోతాయి. మన సభ్యుని రేడియేషను మాత్రం ఈ నెలలోనే పూర్తి కావలెను.

అయితే జాగ్రత్త. రోజూ ఎక్కువగా తాగే మనిషి చేత ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పించవద్దు. ఒకటి రెండు రోజులలో వణుకు, మతిభ్రమ, ఫిట్సు రావచ్చు, ప్రాణాపాయం కూడా. వైద్యునికి చెప్పి, ఆయన చెప్పినట్లు మాన్పించవలెను. ఎంత తాగేదీ దాచవద్దు. "అప్పుడప్పుడండీ" అంటే మోతాదులు ఆ అబద్ధం మీద నిర్ణయమవుతాయి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి క్యాన్సరు విభాగంలో అయినా, మరెక్కడయినా, రోగి చెప్పలేకపోతే వెంట పోయినవారు చెప్పవలెను. మానుకోవడానికి సలహా కావలసినవారు 14446 నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు.

చివరకు సంఘాల కార్యదర్శులకు. బిల్లు అందిన సాయంత్రమే డబ్బు అంగడికి పోతున్నదని రోగి ఇంటివారు మొర పెట్టుకుంటారు. సభ్యుడు తానే రాసి ఇస్తే అతని పాల సొమ్మును భార్య ఖాతాకు గాని, కొడుకు ఖాతాకు గాని వేయవచ్చునేమో పాలకవర్గంలో పెట్టి చూడండి. సభ్యుని రాతపూర్వక సమ్మతి లేకుండా మాత్రం ఎవరు చెప్పినా ఆ పని చేయరాదు. అది అతని సొమ్ము. ఆసుపత్రికి పోయిన రోజులలో అతని గేదెను పక్కింటివారు పితికి, ఆ పాలు అతని నంబరు మీదనే పోయనీయండి, పుస్తకం ఆగకుండా చూడండి. బాపట్ల దగ్గర ఒక సంఘంలో ఇట్లా ఏడు వారాలు నడిపారు, లెక్కలో ఒక్క లీటరు తేడా రాలేదు. మీరు అడగదలచినవి ఉంటే ఇప్పుడు అడగండి.