పాపము ఎవరిది? — దేవుని మంచితనము, మానవుని శ్రమ



శతవార్షికోత్సవమంటే దేవుడు చేసిన మేలులను లెక్కించుకొనే పండుగ. నాకంటె ముందు మాట్లాడిన పెద్దలు ఆ మేలులను చక్కగా జ్ఞాపకము చేశారు. నాకు ఇచ్చిన అంశము మాత్రము వేరు. దేవుడు మంచివాడైతే మనుష్యులకు ఇన్ని శ్రమలు ఎందుకు? మార్కాపురము, గిద్దలూరు, కంభము, పొదిలి ప్రాంతములలో పుట్టి పెరిగినవారికి ఈ ప్రశ్నను ఎవరూ నేర్పనక్కరలేదు. ఒక ఏడు వాన తప్పితే అది దానంతటదే మన నోట వస్తుంది.

వేదాంత కళాశాలలో ఈ ప్రశ్నకు మేము పరీక్షలో జవాబు వ్రాశాము. దేవుడు సర్వశక్తిమంతుడైతే కీడును ఆపగలడు, మంచివాడైతే ఆపగోరుతాడు, మరి కీడు ఎందుకున్నది? ఇదీ చిక్కు. దేవుడిచ్చిన స్వేచ్ఛను మనిషి చెడుగా వాడుకొన్నందువలన కీడు వచ్చిందని అగస్టీను బోధించాడు. మనిషి పసితనము నుండి సంపూర్ణతకు ఎదగడానికి ఈ లోకము ఒక బడి వంటిదని ఐరేనియసు మార్గమున నడచినవారు చెప్పారు. రెండింటిలోను సత్యమున్నది. నాకు మంచి మార్కులే వచ్చాయి. కాని ఆ జవాబు పొదిలి వైపు ఒక పల్లెలో నాకు అక్కరకు రాలేదు.

నేను సేవలో ప్రవేశించిన తొలి రోజులవి. ఆ పల్లె పేటలో ఒక పెద్దాయన నులకమంచము మీద ఉన్నాడు. నడుము విల్లులాగ వంగిపోయింది. మెడ తిరగదు. నన్ను చూడాలంటే ఒళ్లంతా నావైపు తిప్పుకోవలసి వచ్చింది. నేను ప్రార్థన చేసి, దేవుని ప్రేమించువారికి అన్నీ మేలుకే సమకూడుతాయని పౌలు రోమీయులకు వ్రాసిన మాటను వివరించాను. ఆయన ఓపికగా విని, ఇలా అడిగాడు:

"అయ్యగారూ, నేను చేసిన పాపమేంది? ఏదో ఒకటి చేసే ఉంటాడులే అంటన్నారు ఊళ్లో."

"అట్లా అనుకోవద్దు పెద్దాయనా. అన్నిటికీ దేవునికి ఒక ఉద్దేశముంటుంది" అన్నాను.

"పోనీ మా నాయన పాపమా? ఆ కాలంలో ఊరి బాయిలో మమ్మల్ని చేద వెయ్యనిచ్చేవాళ్లు కాదు. మావాళ్లు నీళ్లకు అగచాట్లు పడతన్నారని మా నాయనే ముందుండి పేటలో బాయి తవ్వించినాడు. నీళ్లు పడిన దినం పండగ చేసుకున్నాం. ఆ నీళ్లే తాగినాం. ఆ నీళ్లకే నా నడుం వంగింది. బాయి తవ్వడం పాపమా అయ్యగారూ?"

నా దగ్గర జవాబు లేదు. ఇంకొకసారి ప్రార్థన చేసి వచ్చేశాను.

ఇంటికి వచ్చి యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయము తెరిచాను. పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు వేసిన ప్రశ్న సరిగ్గా ఇదే. పాపము ఇతనిదా, ఇతని తల్లిదండ్రులదా? ప్రభువు ఇద్దరిదీ కాదన్నాడు. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయినప్పుడు కూడా, వారు తక్కినవారికంటె పాపులని తలంచవద్దన్నాడు. యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద మౌనముగా కూర్చున్నంతసేపు మంచి స్నేహితులే. నోరు తెరిచి కారణాలు చెప్పడము మొదలుపెట్టాక దేవుని కోపమునకు పాత్రులయ్యారు. ఆ రోజు ఆ మంచము దగ్గర నేను వారిలో నాలుగవవాడనయ్యాను.

దేవుని క్రియలు అతనియందు కనబడవలెనని అదే అధ్యాయములో ఉన్నది కదా అని మీరు అడగవచ్చు. తన శక్తిని చూపించుకోవడానికి దేవుడు ఒక పసివానిని గ్రుడ్డివానిగా పుట్టించాడని కొందరు బోధిస్తారు. నేను అలా బోధించలేను. ఆ మాట దగ్గరే ఆగకుండా తరువాతి మాట కూడా చదవాలి. పగలున్నంతవరకు పని చేయాలి అంటాడు ప్రభువు. అని, నేలమీద ఉమ్మివేసి, బురద చేసి, ఆ కన్నులకు పూశాడు. శిష్యులు వెనుకకు తిరిగి కారణము వెదకుతున్నారు. యేసు ముందుకు చూచి పని మొదలుపెట్టాడు.

ఇక పెద్దాయన బావి సంగతికి వద్దాము. ఆ నీటిలో ఉన్నది శాపము కాదు, ఫ్లోరైడు. భూమి లోపలి రాళ్లలోనుండి అది నీటిలో కరుగుతుంది. మన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాలోని ఈ వ్యాధిని గూర్చి షార్ట్ అనే వైద్యుడు, ఆయన తోటివారు 1937లో మొదటిసారిగా వైద్యపత్రికలో వ్రాశారు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మించితే చిన్నపిల్లల పండ్లకు గార పడుతుంది. ఏండ్ల తరబడి త్రాగితే ఎముకలు బిగుసుకొంటాయి. ఇది అంటువ్యాధి కాదు, వంశము నుండి వచ్చేదీ కాదు. నీటిని కాచితే పోదు. ఒకసారి వంగిన నడుమును నిలబెట్టే మందు లేదు. రాకుండా కాపాడేది మంచినీరే.

ఇందులో మనుష్యుల పాలు ఎంత, మనకు జవాబు తెలియనిది ఎంత అని విడదీసి చూడాలి. ఊరి బావిలో చేద వేయనివ్వకపోవడము దేవుని చిత్తము కాదు. అది మనుష్యుల పాపము. మన తాతముత్తాతల కాలపు ధాత కరవు సంగతి చూడండి. 1876–78లో దక్షిణ దేశమంతటా 50 లక్షలకు పైగా జనము చనిపోయారు. మార్కాపురము, కంభము తాలూకాలు అప్పుడున్న కర్నూలు జిల్లా ఘోరముగా దెబ్బతిన్నది. వానలు తప్పిన మాట నిజమే. కాని దేశములోనుండి ధాన్యపు ఎగుమతులను ప్రభుత్వము ఆపలేదు. 1877 జనవరిలో రిచర్డు టెంపుల్ దొర కరవు పనికి వచ్చిన మగమనిషి కూలిని ఒక పౌను గింజలకు, ఒక అణాకు తగ్గించాడు. ఆ తిండితో మనిషి పనిచేసి బ్రతకలేడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించాడు. ఆ చావులన్నిటినీ దేవుని లెక్కలో వ్రాస్తే అన్యాయమవుతుంది.

అయినా మిగిలేది ఒకటున్నది. ఆ రాయిని చేసినది ఎవరు? మంచి మనసుతో తవ్విన బావిలో ఆ నీరే ఎందుకు పడాలి? ప్రియులారా, దీనికి నాకు జవాబు తెలియదు. తెలియనిదానిని తెలిసినట్లు వేదిక మీద చెప్పడము కాపరికి తగదు. ఒకటి మాత్రము నాకు తెలుసు. ఎందుకు అని అడిగినవాడు అవిశ్వాసి కాడు. ఆ ప్రశ్నను సిలువ మీద మన ప్రభువే అడిగాడు. ఆ ఘడియలో ఆకాశము నుండి వివరణ రాలేదు. మన దేవుడు శ్రమను దూరము నుండి చూచి కారణము చెప్పే దేవుడు కాడు. దానిలోనికి దిగి, గాయపడి, గాయములతోనే లేచినవాడు. లేచిన తరువాత కూడా ఆ మచ్చలను చెరుపుకోలేదు. నా విశ్వాసము నిలబడినది తర్కము మీద కాదు, ఆ గాయముల మీద.

మన పెద్దల విశ్వాసము కూడా అలాగే నిలబడింది. ఆ ధాత కరవులోనే ఒంగోలు బాప్టిస్టు మిషనులోని జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టు తీసుకొని, ఆకలిగొన్న జనానికి పని చూపించారు. అన్నము కోసము మతము పుచ్చుకొన్నారనే మాట రాకూడదని ఆ కరవు కాలములో బాప్తిస్మములు ఆపివేశారు. కరవు తగ్గాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందారు. దేవుడు కరవును ఎందుకు రానిచ్చాడో వారికి ఎవరూ వివరించి ఉండరు. కరవులో తమ ప్రక్కన నిలిచినవారి దేవుణ్ణి వారు నమ్మారు.

నేను ఆ పెద్దాయన దగ్గరకు మళ్లీ వెళ్లాను. "ఆనాడు నేను చెప్పినది సరికాదు, క్షమించండి. పాపము మీదీ కాదు, మీ నాయనదీ కాదు" అని చెప్పాను. చాలాసేపు ఊరక కూర్చున్నాము. లేచి వచ్చేటప్పుడు ఆయన నా చేయి పట్టుకొని అన్నాడు: "నా నడుం ఇంక లేవదు అయ్యగారూ. పిల్లకాయలకు మంచినీళ్ల దారి చూడండి."

నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను గాని, యోహాను తొమ్మిదవ అధ్యాయానికి ఇంతకంటె మంచి వ్యాఖ్యానము వినలేదు. సంఘపు యువకులు ఆ బావి నీటిని పరీక్షకు పంపించారు. అది త్రాగడానికి పనికిరాదని తెలిసాక, దానిని కడుగుళ్లకే ఉంచారు. వాన నీటిలో ఫ్లోరైడు దాదాపు ఉండదు గనుక, దేవాలయపు కప్పు మీద పడిన వానను పట్టడానికి ఒక తొట్టి కట్టారు. అది ఊరంతటికీ చాలలేదు. అయినా పేట పిల్లలకు ఆ ఏడు కొన్ని నెలలపాటు ఆ నీరు దొరికింది.

మనమందరము చేయగలిగినవి కూడా ఉన్నాయి. జబ్బుపడినవాని ఇంటికి వెళ్లినప్పుడు కారణము చెప్పకండి, కూర్చోండి. పలకల పనిలో రాతి దుమ్ము పీల్చి దగ్గుతున్న సహోదరుని చూచి ప్రార్థన చాలదా అని వదిలివేయకండి. ఆసుపత్రికి తోడు వెళ్లండి. మీ త్రాగునీటిని పరీక్ష చేయించండి. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. నల్లమల క్రింది సొరంగాలను 2024 మార్చిలో ప్రారంభించారు. ఆ తరువాత కూడా పనులు మిగిలాయి. కృష్ణా నీటి కోసము అడగడము రాజకీయమని సంఘము ముఖము త్రిప్పుకోరాదు. దాహము గొన్నవానికి నీళ్లిచ్చారా అనేది కడవరి తీర్పులో మనలను అడిగే ప్రశ్న అని మత్తయి సువార్త చెబుతున్నది.

నూరేండ్ల తరువాత మన మనుమల మనుమలు ఇంకొక పండుగ చేసుకొంటారు. శ్రమ ఎందుకు వచ్చిందో వారికి కూడా పూర్తిగా తెలియకపోవచ్చు. కాని శ్రమలో వారి పెద్దలు ఒకరినొకరు విడిచిపెట్టలేదని వారికి తెలియాలి. అప్పుడు దేవుడు మంచివాడని నమ్మడము వారికి కష్టము కాదు.

ప్రభువు మనలను అందుకు బలపరచును గాక. ఆమేన్.